పోలీసు సినిమాలో మనవాడు లేడన్న బాధ సరే, దొంగ వేషం ఎవరికి కట్టారు?

ఇది పెద్ద పోస్టు. మధ్యాహ్నం భోజనం అయ్యాక తీరిగ్గా చదవండి. సగం చదివి కింద కామెంటు పెట్టకండి. నేను చదివింది తమిళ మీడియం. తెలుగు రాత రైల్వేలో చేరాక సొంతంగా పట్టుకున్నది. వాక్యం మొరటుగా ఉంటే సర్దుకోండి. విషయం దగ్గర మాత్రం సర్దుకోవద్దు.

రెండు వారాలుగా మన గ్రూపులో ఒక ఉత్తరం నకలు తిరుగుతోంది. సినిమా కంపెనీలకు పంపాలని మన కుర్రాళ్ళు రాసినది. అందులో ఉన్న మాట ఇదీ: హిందీలో, మరాఠీలో ఇన్ని పోలీసు సినిమాలు వస్తున్నాయి, సోలాపూర్ తెలుగువాడు ఒక్క ఇన్‌స్పెక్టరుగా కూడా కనపడడు. మగ్గం నేసినవాళ్ళం, చద్దర్ అంటే దేశానికి సోలాపూర్ గుర్తొచ్చేలా చేసినవాళ్ళం, నాలుగైదు తరాలుగా ఇక్కడే ఉన్నవాళ్ళం. మనకు తెర మీద చోటు కావాలి. పద్మశాలి ఇంటిపేరుతో ఒక పోలీసు హీరో కావాలి. కింద నూటికి పైగా చేతులు జోడించిన బొమ్మలు.

కుర్రాళ్ళ బాధ అబద్ధం కాదు. అది ముందే చెబుతున్నా. కానీ ఆ ఉత్తరం అలాగే వెళ్ళడానికి నేను ఒప్పుకోను. సభలో చేయి ఎత్తమంటే వ్యతిరేకంగా ఎత్తుతాను. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందు హీరో సంగతి చూద్దాం. 2010లో తమిళంలో ‘సింగం’ వచ్చింది. సూర్య హీరో, హరి దర్శకుడు. తూత్తుకుడి వైపు నల్లూరు అనే పల్లె నుంచి వచ్చిన దొరైసింగం అనే పోలీసు కథ. అదే తెలుగులో ‘యముడు’ అయింది. 2011లో హిందీకి పోయేసరికి దొరైసింగం కాస్తా బాజీరావ్ సింగం అయ్యాడు, మరాఠా బిడ్డ అయ్యాడు. మన ఎన్టీఆర్ 2015లో చేసిన ‘టెంపర్’ 2018లో హిందీలో ‘సింబా’ అయింది. అక్కడా హీరో మరాఠీ పోలీసే. అంటే ఏమిటి? కథ తమిళుడిది, తెలుగువాడిది. చొక్కా మీద పేరు బిళ్ళ మాత్రం ఏ ఊళ్ళో టికెట్లు అమ్మాలో ఆ ఊరిది. హీరో పేరు పార్సిల్ మీద అతికించే చీటీ లాంటిది. ముప్పై ఏళ్ళు రైల్వేలో చీటీలు రాసినవాణ్ణి, చెబుతున్నా వినండి. చీటీ మార్చినంత మాత్రాన మూటలో సరుకు మారదు.

రేపు ఎవరో కనికరించి బాజీరావ్ బదులు మన ఇంటిపేరు పెట్టారే అనుకోండి. సంతోషమే. ఈలలు వేస్తాం. పై ఆటకు గ్రూపు మొత్తం వెళ్తాం. ఆ హీరో రెండున్నర గంటలు ఎవర్ని కొడతాడు? అది ఉత్తరంలో ఎవరూ అడగలేదు. నా గొడవంతా అక్కడే.

ఈ పోలీసు సినిమాల్లో మూడు కుర్చీలు ఉంటాయి. ఒకటి హీరోది. రెండోది కన్నీళ్ళు పెట్టే బాధితులది. మూడోది దొంగది. ‘మనకు ప్రాతినిధ్యం కావాలి’ అన్నవాళ్ళంతా మొదటి కుర్చీ వైపే చూస్తారు. ఆ కుర్చీలో కూర్చునేది ఒక్క మనిషి. వాడి మంచితనం వాడిదే, వాడి కండలు వాడివే. హీరో మరాఠా అయినంత మాత్రాన మరాఠాలంతా పది మందిని ఒంటిచేత్తో కొడతారని ఎవరూ అనుకోరు. మూడో కుర్చీ అలా కాదు. అందులో ఒక కులాన్ని కూర్చోబెడితే, ఆ కులంలో పుట్టిన ప్రతి పిల్లవాడూ కూర్చున్నట్టే. గౌరవం ఒక్కడికి దక్కుతుంది, మచ్చ మాత్రం అందరికీ పంచుతారు.

ఆ మచ్చను చెరుపుకునే శక్తి ఎవరికి ఉంది, ఎవరికి లేదు? రెండు ఉదాహరణలు ఇస్తాను.

హిందీ ‘సింగం’లో కన్నడిగుల మీద ఒక డైలాగు ఉంది. కర్ణాటకలో గొడవ అయింది. నిరసనలు జరిగాయి. నిర్మాతలు దిగివచ్చి ఆ డైలాగు తీసేశారు. మన ఊళ్ళో సగం వీధుల్లో కన్నడం వినిపిస్తుంది కాబట్టి ఆ బాధ మనకు తెలుసు. తీసేయడం న్యాయమే.

2021 నవంబరులో ‘జై భీమ్’ వచ్చింది. లాకప్పులో మనిషిని కొట్టి చంపిన సబ్‌ఇన్‌స్పెక్టర్ ఇంట్లో గోడ మీద ఒక క్యాలెండర్ కనపడుతుంది. దాని మీద వన్నియర్ల గుర్తు, అగ్నికుండం. ఆ క్రూరుడు మా కులంవాడని చూపిస్తారా అని వన్నియర్ సంఘం లేచింది. క్షమాపణ చెప్పమంది, 5 కోట్ల పరిహారం అడుగుతూ నోటీసు పంపింది. సినిమా వచ్చిన కొద్ది రోజుల్లోనే క్యాలెండర్ బొమ్మ మారిపోయింది. ఒక్క క్యాలెండర్! తెర మీద అది ఎంతసేపు కనపడుతుందో లెక్కపెట్టండి. అయినా మార్చారు. ఎందుకంటే వెనక సంఘం ఉంది, పార్టీ ఉంది, ఓటు ఉంది.

ఇప్పుడు మూడో సినిమాకు వద్దాం. 2017లో కార్తి చేసిన ‘తీరన్ అధికారం ఒండ్రు’. తెలుగులో ‘ఖాకీ’ పేరుతో మనమంతా చూశాం. బాగా తీశాడు, ఆ మాట నేనూ అంటాను. వేలిముద్రలు పట్టుకుని ఊరూరా తిరిగి, ఏళ్ళ తరబడి కేసు వదలని పోలీసు కథ. తమిళనాడులో హైవే పక్క ఇళ్ళ మీద పడి దోచుకుని చంపిన ముఠాను పట్టుకున్న నిజమైన కేసు దానికి ఆధారం. ఆ చనిపోయినవాళ్ళు నిజం, ఆ పోలీసుల కష్టం నిజం. కానీ సినిమా ముఠా దగ్గర ఆగలేదు. కులం దాకా వెళ్ళింది. ‘బవారియా’ అనే నిజమైన కులం పేరులో ఒక్క అక్షరం మార్చి ‘హవారియా’ అని పెట్టింది. రాజస్థాన్ ఎడారిలో ఒక ఊరు ఊరంతా పోలీసుల మీద విరుచుకుపడే ఘట్టం పెట్టింది. బయటికి వచ్చిన ప్రేక్షకుడి తలలో మిగిలేది ముఠా నాయకుడి పేరు కాదు, కులం పేరు. ఆ కులంవాళ్ళకు నోటీసు పంపే వకీలు ఎక్కడ?

తమిళంలో ఇలాంటి కులాలకు పాత సర్కారు పెట్టిన పేరు ‘కుట్ర పరంబరై’. తమిళంలో కుట్రం అంటే నేరం. నేరస్థుల వంశం అని అర్థం. తెలుగు చెవికి మాత్రం అది ‘కుట్ర’ అని వినపడుతుంది. రెండు భాషలూ తెలిసినవాడిగా నాకు తెలుగు అర్థమే సరైనదనిపిస్తుంది. అది కుట్రే. 1871లో తెల్లవాడు చట్టం చేశాడు. ఫలానా ఫలానా కులాలు పుట్టుకతోనే నేరస్థులు అని జాబితా రాశాడు. దొంగతనం చేశావా లేదా అన్న ప్రశ్న లేదు. పుట్టావు కదా, చాలు. పేరు నమోదు, వేలిముద్ర, రోజూ పోలీసు ముందు హాజరు. ఊరు దాటాలంటే పాస్. మా రైల్వేవాళ్ళకు పాస్ అంటే కుటుంబంతో తీర్థయాత్ర. వాళ్ళకు పాస్ అంటే పక్క ఊరి పెళ్ళికి పోవడానికి పోలీసు దయ.

1911లో ఈ చట్టం మద్రాసు రాజధానికి వచ్చింది. 1920 ఏప్రిల్ 3న మదురై వైపు పెరుంగామనల్లూరులో కళ్ళర్లు వేలిముద్రలు ఇవ్వం అన్నందుకు పోలీసులు కాల్పులు జరిపారు. పదిమందికి పైగా చచ్చిపోయారు. మద్రాసు రాజధానిలో ఉన్న మన తెలుగు నేల మీద ఈ చట్టం ఎరుకల కులాన్ని పట్టుకుంది. బుట్టలు అల్లి, ఎద్దుల మీద ఉప్పు మోసి అమ్ముకుని బతికినవాళ్ళు. వాళ్ళను ఒకచోట కూర్చోబెట్టడానికి సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో ఒక సెటిల్‌మెంట్ పెట్టారు. సర్కారులో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువార్ట్ పేరు దానికి పెట్టారు. అదే స్టువార్టుపురం. బాపట్ల, చీరాల మధ్య చిన్న స్టేషన్. విజయవాడ నుంచి మద్రాసు పోయే బండి కిటికీలోంచి ఆ బోర్డు నేను ఎన్నిసార్లు చూశానో. పక్కనున్న ప్రయాణికుడు ఆ బోర్డు రాగానే బెర్తు కింద పెట్టె తడుముకోవడం కూడా అన్నిసార్లు చూశాను.

ఆ తడుముకునే చెయ్యి పుట్టుకతో వచ్చిందా? 1991లో చిరంజీవి హీరోగా ‘స్టువార్టుపురం పోలీస్‌స్టేషన్’ వచ్చింది. యండమూరి దర్శకత్వం. అదే ఏడాది ‘స్టువార్టుపురం దొంగలు’ అని ఇంకో సినిమా. ఆలోచించండి. ఒక నిజమైన ఊరు. బడి ఉంది, చర్చి ఉంది, పొలాలు ఉన్నాయి, పరీక్ష రాసే పిల్లలు ఉన్నారు. హేమలతా లవణం లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి అక్కడ పని చేశారు. ఆ ఊరి పేరు తీసుకెళ్ళి దొంగలు అనే మాట పక్కన పెట్టి రాష్ట్రమంతా గోడల మీద అతికించారు. ఉద్యోగం దరఖాస్తులో అడ్రసు అని ఉన్నచోట ఆ ఊరి కుర్రవాడు ఏం రాయాలి? 2023లో రవితేజ ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చినప్పుడు, ఎరుకల కులాన్ని, ఆ ఊరిని కించపరుస్తున్నారని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాకా వెళ్ళారు. సినిమా దసరాకు విడుదలైంది. ఊరి పేరు అలాగే ఉంది.

ఇక ‘జై భీమ్’ దగ్గరికి మళ్ళీ రండి. అది మంచి సినిమా, పోలీసు దెబ్బలు తిన్నవాళ్ళ వైపు నిలబడ్డ సినిమా. అందులో చనిపోయిన రాజాకన్నును ఇరులర్ కులస్థుడిగా చూపించారు. 1993లో నిజంగా చనిపోయిన రాజాకన్ను ఇరులర్ కాదు, కురవర్. కురవర్ అంటే ఎవరు? తమిళనాట కురవర్, మన దగ్గర ఎరుకల, మహారాష్ట్రలో కైకాడీ. పేర్లు మూడు, వేరు ఒకటే. ఇంట్లో మాట్లాడే భాష కూడా తమిళానికి దగ్గర.

దీని లెక్క ఒకసారి కట్టండి. ఈ జనాన్ని దొంగలుగా చూపించాల్సి వచ్చినప్పుడు ఊరి పేరుతో సహా పోస్టరు మీద వేశారు. అదే జనంలో ఒకడు లాకప్పులో అన్యాయంగా చచ్చిపోయిన కథ తీసినప్పుడు కులం పేరు మారిపోయింది. దర్శకుడికి చెడ్డ ఉద్దేశం ఉందని నేను అనడం లేదు. ఇరులర్లూ పోలీసు దెబ్బలు తిన్నవాళ్ళే. కానీ ఫలితం చూడండి. నింద పడే చోట పేరు ఉంది. జాలి పడే చోట పేరు లేదు. క్యాలెండర్ బొమ్మకు ఉన్నంత బలం ఒక చనిపోయిన మనిషి కులానికి లేకపోయింది. ప్రాతినిధ్యం గురించి ఉత్తరం రాయాలంటే రాయాల్సింది దీని గురించి.

‘ఇవన్నీ తమిళనాడు, ఆంధ్ర కబుర్లు, మన సోలాపూర్‌కు ఏం సంబంధం బావా’ అని ఒకాయన ఫోనులో అడిగాడు. బావా, నువ్వు పుట్టిన ఊరి గురించి నన్ను అడుగుతున్నావా?

బొంబాయి రాజధానిలో నేరస్థ కులాల సెటిల్‌మెంట్లలో పెద్దవాటిలో ఒకటి మన సోలాపూర్‌లోనే ఉండేది. చుట్టూ తీగ కంచె. లోపల కైకాడీలు, పార్ధీలు, మాంగ్ గారుడీలు, ఇంకా ఎన్నో కులాలు. వాళ్ళను ఇక్కడికే ఎందుకు తెచ్చారు? మిల్లులు ఇక్కడ ఉన్నాయి గనక. పొద్దున హాజరు వేసుకుని కంచె దాటి మిల్లుకు పోవాలి, పని దిగగానే మళ్ళీ కంచె లోపల హాజరు. అదే మిల్లుల్లో మన తాతలు ఉన్నారు. కరీంనగర్ నుంచి, పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చి పాత మిల్లులో, లక్ష్మీ విష్ణులో, నర్సింగ్ గిర్జీలో సాంచాల దగ్గర నిలబడినవాళ్ళు. ఒకే భోంగా మోతకు లేచినవాళ్ళు, ఒకే దూది దుమ్ము మింగినవాళ్ళు. తేడా ఒక్కటే. పని అయ్యాక మనవాళ్ళు పేఠల్లో ఇంటికి పోయేవాళ్ళు, వాళ్ళు కంచెలోకి పోయేవాళ్ళు. మనకు సంఘం, బడి, మార్కండేయుడి గుడి, రథోత్సవం. వాళ్ళకు హాజరు పుస్తకం.

1952 ఆగస్టు 31న దేశమంతా ఆ చట్టం పోయింది. నెహ్రూ స్వయంగా వచ్చి ఇక్కడి కంచె తీగ తెంచాడని మన ఊరి పెద్దలు చెప్పే మాట మీరంతా విన్నదే. అందుకే ఆ కాలనీ పేరులో ఇప్పటికీ ‘ఫ్రీ’ అనే మాట ఉంది. సెటిల్‌మెంట్ ఫ్రీ కాలనీ. ఒక కాలనీకి విడుదలైంది అని పేరు పెట్టుకోవాల్సిన ఊరు మనది. ఈ ఊరివాళ్ళం ‘మాకు పోలీసు హీరో కావాలి’ అని రాసి, పోలీసు కంచెలో రెండు మూడు తరాలు గడిపిన పక్కింటివాడి ఊసు ఎత్తకపోతే ఎలా?

నాకైతే ఇంకో బంధం ఉంది. నేను కొత్తగా సోలాపూర్‌కు బదిలీ అయి వచ్చినప్పుడు మరాఠీ ముక్క రాదు. స్టేషన్ బయట బుట్టలు అమ్మే కైకాడీ ఆడవాళ్ళు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటుంటే సగం నాకు అర్థమైంది. తమిళం వాసన. ఈ ఊళ్ళో నా చదువు భాషకు దగ్గరగా మాట్లాడిన మొదటి మనుషులు వాళ్ళే. తర్వాత తెలిసింది, లక్ష్మణ్ మానే అనే కైకాడీ రచయిత మరాఠీలో తన కథ ‘ఉపరా’ పేరుతో రాసుకున్నాడని, దానికి 1981లో సాహిత్య అకాడమీ వచ్చిందని. ఉపరా అంటే బయటివాడు. లక్ష్మణ్ గైక్వాడ్ ‘ఉచల్యా’కు 1988లో వచ్చింది. తమ గురించి తాము ఇంత బాగా రాసుకున్నవాళ్ళను సినిమావాళ్ళు ఇప్పటికీ వేలిముద్రల పుస్తకంలోనే వెతుకుతున్నారు.

గ్రూపులో వచ్చిన అభ్యంతరాలకు ఒక్కొక్కటిగా జవాబు చెబుతాను.

మొదటిది: ‘నిజంగా జరిగిన కథ తీస్తే తప్పేమిటి? కోర్టులు శిక్ష వేశాయి కదా.’

అలా అయితే ఒక నిజమైన కథ చెబుతా. 1930 మే నెల. గాంధీని అరెస్టు చేశారని సోలాపూర్ మిల్లు కార్మికులు వీధుల్లోకి వచ్చారు. కాల్పులు జరిగాయి. పోలీసు చౌకీలు తగలబడ్డాయి. పోలీసులు చచ్చిపోయారు. ఊరి మీద మార్షల్ లా పెట్టారు. పోలీసులను చంపారని కేసు నడిచింది. కోర్టు తీర్పు ఇచ్చింది. 1931 జనవరి 12న యెరవాడ జైల్లో నలుగుర్ని ఉరి తీశారు. మల్లప్ప ధన్‌శెట్టి, శ్రీకృష్ణ సార్డా, జగన్నాథ్ షిందే, కుర్బాన్ హుస్సేన్. ఆ ఏడాదే ఎవరైనా తెల్లదొర ‘నిజ సంఘటనల ఆధారంగా’ పోలీసు సినిమా తీసి ఉంటే హీరో ఎవరు, దొంగలు ఎవరు? సర్కారు కాగితం ప్రకారం వాళ్ళు పోలీసులను చంపిన హంతకులు. మనం వాళ్ళకు చౌకులో విగ్రహాలు పెట్టి దండ వేస్తున్నాం. పోలీసు రికార్డు ఒక్కటే నిజం కాదని భారతదేశంలో ఏ ఊరికైనా తెలియకపోవచ్చు, సోలాపూర్‌కు తెలియాలి. ‘ఖాకీ’ ముఠా అమరులతో సమానం అని నేను అనడం లేదు. వాళ్ళు చంపింది నిద్రపోతున్న జనాన్ని. నేను అనేది ఒక్కటే. కేసు నిజమైతే ముఠా పేరు చెప్పు, మనిషి పేరు చెప్పు. కులానికి శిక్ష వేసే కోర్టు ఏదీ లేదు. ఆ చట్టం పోయి డెబ్బై ఏళ్ళు దాటింది.

2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు జైళ్ళ మాన్యువళ్ళలో ఉన్న కుల వివక్షను కొట్టేసింది. విముక్త కులాలను పుట్టు నేరస్థులుగా చూసే ఆ పాత రాతలు రాజ్యాంగానికి విరుద్ధం అంది. జైలు పుస్తకంలో ఉండకూడదని కోర్టు చెప్పిన మాట సినిమా పోస్టరు మీద ఎలా ఉండవచ్చు?

రెండోది: ‘సినిమాయే కదా మామా, చూసి మర్చిపోతాం.’

మర్చిపోతున్నారా? పోయిన వానాకాలం మన వాడలో ఒక ఇంట్లో దొంగతనం అయింది. మర్నాడు పొద్దునకి మన గ్రూపులో ఒక ఫోటో. చంకలో పసిపిల్లతో నడుస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు. కింద రాత: ‘ఈ కులం ముఠా తిరుగుతోంది, జాగ్రత్త.’ ఫోటో ఎక్కడిది? ఎవరికీ తెలియదు. ఆ ఆడవాళ్ళకు దొంగతనానికి సంబంధం? ఎవరూ అడగలేదు. నలభై మంది ముందుకు పంపారు. ఒకాయన ‘ఖాకీ సినిమాలో లాగే’ అని రాశాడు. అదిగో, అదే మీ ‘చూసి మర్చిపోవడం’.

నా ఉద్యోగంలోనూ చూశాను. ఒక స్టేషన్‌లో ప్రయాణికురాలి గొలుసు పోతే మొదట పట్టుకొచ్చేది ప్లాట్‌ఫారం చివర కూర్చున్న పార్ధీ ఆడవాళ్ళను. కూర్చోబెడతారు, తిడతారు, సంచీలు దులుపుతారు. గొలుసు ఆ ప్రయాణికురాలి బంధువు సంచీలో దొరికిన రోజూ ఉంది. ఆ ఆడవాళ్ళకు ఎవరూ సారీ చెప్పలేదు. బండి తప్పిపోయింది, టికెట్ డబ్బు పోయింది. పిల్లవాడు ఏడుస్తుంటే ఒక హమాలీ బిస్కెట్లు కొనిచ్చాడు. అంతే.

మూడోది: ‘పోలీసులంటే గౌరవం లేకుండా మాట్లాడుతున్నారు.’

మన వాడలో పోలీసు ఉద్యోగం చేసే పిల్లలు ఉన్నారు. వాళ్ళ తల్లులు బీడీలు చుట్టి చదివించారు. వాళ్ళను చూస్తే నాకు గర్వం. పోలీసును గౌరవించే సినిమా అంటే ఆధారం వెతికే పోలీసును చూపించేది. కులం చూడగానే దొంగ దొరికాడు అనుకునే పోలీసును హీరో చేయడం ఆ ఉద్యోగానికి గౌరవం కాదు, అవమానం. ‘ఖాకీ’లో మంచి భాగం వేలిముద్రలతో ఏళ్ళ తరబడి వెతకడం. చెడ్డ భాగం ఆ వేలిముద్రను ఒక కులం మొత్తానికి అంటించడం.

నాలుగోది, అసలైనది: ‘వాళ్ళ సంగతి వాళ్ళ సంఘం చూసుకుంటుంది. మన సంఘం మన సంగతి చూడాలి.’

సరే, మన సంగతే చూద్దాం. 2015లో వెట్రిమారన్ తీసిన ‘విసారణై’ చూశారా? పొట్టకూటికి గుంటూరు వచ్చిన తమిళ కూలీల కథ. చంద్రకుమార్ అనే కోయంబత్తూరు ఆటో డ్రైవర్ తన అనుభవాన్ని ‘లాకప్’ అనే నవలగా రాశాడు, దాని మీద తీసిన సినిమా. చేయని దొంగతనం ఒప్పుకోమని వాళ్ళను కొడతారు. ఎందుకు వాళ్ళనే పట్టుకున్నారు? భాష రాదు, ఊరు కాదు, అడిగే దిక్కు లేదు. అక్కడ కొట్టిన పోలీసులు తెలుగువాళ్ళు. దెబ్బలు తిన్నవాళ్ళు తమిళులు. నేను ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. ఎవరి వైపు నిలబడాలో నాకు ఒక్క క్షణం కూడా సందేహం రాలేదు.

మన పిల్లలు భివండీలో, సూరత్‌లో సాంచాలు నడుపుతున్నారు. పరాయి ఊళ్ళో, పది మంది ఒక గదిలో. అక్కడ ఏ దొంగతనమో జరిగిన రోజు పోలీసు ముందు ఏ గది తలుపు కొడతాడు? ఆ రోజు మన పిల్లవాడికి కావాల్సింది తెర మీద పద్మశాలి హీరో కాదు. పుట్టుక చూసి, ఊరు చూసి, భాష చూసి మనిషిని దొంగ అనకూడదు అనే ధర్మం దేశంలో బతికి ఉండాలి. ఆ ధర్మాన్ని ఇక్కడ పక్క కాలనీ విషయంలో మనం కాపాడకపోతే, అక్కడ మన విషయంలో ఎవరు కాపాడతారు?

కాబట్టి ఉత్తరం చింపమని నేను అనడం లేదు. మార్చమంటున్నాను. మొదటి పేరాలో మన కోరిక ఉండనివ్వండి. దాని కింద ఈ మూడు మాటలు చేర్చండి.

ఒకటి. నేరం చేసిన మనిషిని చూపించండి, కులాన్ని, నిజమైన ఊరి పేరును దొంగ అనే మాటకు అంటించకండి. ఒక్క అక్షరం మార్చి తప్పించుకోకండి.

రెండు. అన్యాయం జరిగినవాడి పేరు, కులం మార్చకండి. నింద వేసేటప్పుడు ఉన్న ధైర్యం న్యాయం అడిగేటప్పుడూ ఉండాలి.

మూడు. హీరో కుర్చీ ఇచ్చేదుంటే కంచె లోపల పుట్టిన ఇంటి పిల్లకు ఇవ్వండి. తాత రోజూ పోలీసు ముందు హాజరు వేసుకున్నాడు, మనవరాలు అదే ఊళ్ళో సబ్‌ఇన్‌స్పెక్టర్‌గా హాజరు తీసుకుంటుంది. ఇంతకన్నా మంచి పోలీసు కథ సోలాపూర్‌లో ఇంకోటి ఉంటే నాకు చెప్పండి, నేనే టికెట్లు కొంటాను.

సినిమా కంపెనీ మన ఉత్తరం చదువుతుందో లేదో. మన చేతిలో ఉన్నవి రెండు పనులు ఉన్నాయి, వాటికి ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేదు. ఈ గ్రూపులో కులం పేరు పెట్టి దొంగల ఫోటో ఎవరు పంపినా అడ్మిన్ ఆ నిమిషమే తీసేయాలి, రెండోసారి పంపితే వాళ్ళనే తీసేయాలి. ఆగస్టు 31 విముక్త దినం. ఆ రోజు సంఘం తరఫున పది మందిమి ఫ్రీ కాలనీకి వెళ్దాం. ఉపన్యాసాలు వద్దు, దండలు వద్దు. మిల్లులో పని చేసిన ముసలివాళ్ళు అక్కడా ఇంకా ఉన్నారు, మన దగ్గరా ఉన్నారు. వాళ్ళను పక్కపక్కన కూర్చోబెట్టి చాయ్ పోద్దాం. ఏ ఖాతాలో, ఏ పాళీలో ఎవరు పని చేశారో వాళ్ళే మాట్లాడుకుంటారు.

వచ్చే ఆదివారం సభలో ఈ ఉత్తరం ఓటుకు వస్తుంది. మార్పులతో వస్తే నా చెయ్యి మొదట లేస్తుంది. ఉన్నది ఉన్నట్టు వస్తే వ్యతిరేకంగా ఒక్కడినే ఎత్తాల్సి వచ్చినా ఎత్తుతాను. మినిట్స్ పుస్తకంలో రాసుకోండి.

ఇట్లు,
మీ రిటైర్డ్ రైల్వే గుమాస్తా